మొక్కిన ఎర్ర పుంజు

ఆ వానాకాలం మా వాడకట్టులో కోళ్లు కూర్చుని నడవడం నేర్చుకున్నాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కీళ్లు నిమ్మకాయంత వాచి, కాలు కింద మోపలేక, చతికిలబడి రెక్కలతో నేలను తోసుకుంటూ నూకల దగ్గరికి వచ్చేవి. మొదటిదాన్ని చూసినప్పుడు నేనూ నవ్వాను. నాలుగోదాన్ని చూసేనాటికి నవ్వు పోయింది.

అది అరవై మూడో సంవత్సరం. నాకు ఇరవై రెండేళ్లు. మా ఊరు లక్సెట్టిపేటకు రెండు కోసుల దూరం, గోదావరి వైపు. మా ఆయన కొమురెల్లి మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుతూనే వెళ్లిపోయేవాడు. మిగతా రోజులు ఇంట్లో మా అత్త భూమవ్వ, నేను, నాలుగేళ్ల నా బిడ్డ శంకరి. మాతో పాటు ఒక ఎర్ర పుంజు. దాన్ని ఇంటి మనిషి కింద జమకట్టింది నేను కాదు, మా అత్త.

దానికి కారణం ఉంది. కిందటేడు ఎండాకాలంలో శంకరికి అమ్మవారు పోసింది. అరికాళ్లు కూడా వదలకుండా పొక్కులు. తొమ్మిదో రోజు పిల్ల కళ్లు తెరవలేదు, పిలిస్తే పలకలేదు. నేను గోడకు తల ఆనించి కూర్చున్నాను, ఏడవడానికి కూడా చేతకాలేదు. మా అత్త పెరట్లోకి పోయి, అప్పుడప్పుడే కూత నేర్చుకుంటున్న ఒక ఎర్ర పుంజును పట్టుకొచ్చింది. దాని కాలికి పసుపు దారం కట్టి, "తల్లీ పోచమ్మా, నా పిల్ల లేస్తే గీ కోడి నీదే" అని మొక్కింది. పదకొండో రోజు శంకరి లేచి తినడానికి గట్క అడిగింది.

ఆ శ్రావణంలోనే మొక్కు తీర్చాల్సింది. సరిగ్గా అప్పుడే మా మామ తమ్ముడు పోయి ఇంటికి మైల వచ్చింది. ఏడాది దాకా దేవుని పనులు బంద్. మొక్కు మరుసటి శ్రావణానికి వాయిదా పడింది. ఆ ఏడాదంతా మా అత్త ఆ పుంజు ఎదురైనప్పుడల్లా చేతులు జోడించేది. అదేమో ఆమె ఎండబెట్టుకున్న మిరపకాయల మీద రెట్ట వేసి, మెడ ఎత్తుకుని పోయేది. అంత గౌరవం ఆ ఇంట్లో నాకెప్పుడూ దక్కలేదు.

ఆ దసరాకు పశువుల డాక్టరు జనార్దన్‌రావు సైకిలు వెనక గంప కట్టుకుని మా ఊరొచ్చాడు. గంపలో తెల్లగా మెరిసిపోతున్న సీమ పుంజు. ఆయనది కరీంనగరం వైపు భూములున్న కుటుంబం. మడత నలగని చొక్కా, చిన్న వయసు, చెప్పేది శ్రద్ధగా చెప్పే మనిషి. "మీ నాటు పుంజులను తీసెయ్యుండ్రి. గీ ఒక్కదాన్నే ఉంచుకోండ్రి. దీని పిల్లలు నాలుగు నెలలకే పెట్టంత అయితయి" అన్నాడు. చెప్పింది అబద్ధం కాదు, నిజంగానే అంత పెరిగాయి. మా ఆడవాళ్లు ఊరుకుంటారా? ఆ దసరాకు ఊళ్లో ఉన్న పుంజులన్నీ కూరలయ్యాయి. నేను చెన్నూరులోని మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న మచ్చల పుంజును కూడా నేనే కోయించాను. ఎర్ర పుంజు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అమ్మవారికి మొక్కినదాన్ని ఎవరు ముట్టుకుంటారు?

సీమ పుంజు ఇంటికి ఎనిమిది రోజుల వంతున వాడకట్టంతా తిరిగింది. మా వాకిట్లో మాత్రం మా అత్త అడ్డంగా నిలబడింది. "అమ్మవారి కోడి ఉన్న పెరట్లకు ఇంకో పుంజు రావద్దు" అంది. దాంతో మా పెట్టల గుడ్లన్నీ ఎర్ర పుంజు గుడ్లే అయ్యాయి. వాటిని మేం పాలుకు ఇచ్చేవాళ్లం. అంటే గుడ్లు మావి, పొదిగే కోడి పక్కింటిది, లేచిన పిల్లలు చెరిసగం. అలా ఒకే పిల్లల కోడి వెనక మూడిళ్ల పిల్లలు తిరిగేవి. ఎవరివి ఏవో తేడా తెలియడానికి కాలి వేలి కొస కత్తిరించి గుర్తు పెట్టేవాళ్లం. ఎడమకాలి బయటి వేలు మాది. కుడికాలి నడిమి వేలు పక్కింటి రామవ్వది. గోరు మళ్లీ పెరిగితే గుర్తు చెడిపోతుందని, మృగశిర వానలకు ముందు ఇంకోసారి కత్తిరించేవాళ్లం. మా అత్తలు, వాళ్ల అత్తలు చేసిన పనే. అందులో తప్పుంటుందని ఎవరికి తోస్తుంది?

వానలు పడ్డాయి. పది పన్నెండు రోజులకు కోళ్లు కూర్చోవడం మొదలుపెట్టాయి.

మొదట ఏడ్చింది రామవ్వ. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆమెకంటూ ఉన్నవి పద్నాలుగు కోళ్లు. గుడ్డు పెడితే ఆమెకు ఉప్పూ నూనే, పిల్ల లేస్తే పండగ. ఆ పొద్దున ఒక తెల్ల పెట్టను గంపలో పెట్టుకుని మా అరుగు మీద కూలబడింది.

"భూమక్కా, గిది నాలుగోది. కాలు మోపుతలేదు. పసుపు పూసిన, నూనె కాగబెట్టి రాసిన. ఏం లాభం లేదు. గీ సీమ పుంజుతోనే వచ్చిందక్కా గీ రోగం. దాని పిల్లలే పడుతున్నయి."

"మా కోడలు చెన్నూరు కోళ్లు పడలేదా?" అంది మా అత్త, నా వైపు చూడకుండా. "గవేమన్న సీమయా? గవి గూడ కూసున్నయి."

నాకు ఒళ్లు మండింది. దసరాకు ముందు లేచిన మా మచ్చల పుంజు పిల్లలు పడుతున్న మాట నిజమే. అయినా చెన్నూరు అని ఊరి పేరుతో చెప్పాలా? "మరి నీ ఎర్రదాని పిల్లలు పడుతలేవు గదా అత్తా. గదెందుకో చెప్పు" అన్నాను, మాటకు మాట అనాలని.

అన్నాక గానీ నేనేమన్నానో నాకే తట్టలేదు. రామవ్వ గంపలోని పెట్టను చూసింది, మా పెరట్లోకి చూసింది. ఆమె ఇంట్లో, ఆమె కోడి వెనకే తిరిగిన ఎర్ర పుంజు పిల్లలు ఐదున్నాయి. ఐదూ నడుస్తున్నాయి.

"అమ్మవారి కోడి గదా" అంది మా అత్త. ఆమెకు అక్కడితో సరిపోయింది. నాకు సరిపోలేదు. నాకు చిన్నప్పటి నుంచీ అదే రోగం, ఏదైనా సగంలో వదిలితే అన్నం సహించదు.

రెండు రోజులకు జనార్దన్‌రావు వచ్చాడు. నేనే కబురు పంపాను. ఆయన చొక్కా ఈసారి నలిగి ఉంది, చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి వస్తున్నాడు. రామవ్వ పెట్ట అప్పటికి చచ్చిపోయింది. మా పెరట్లో రాతి మీద పెట్టి, చిన్న కత్తితో దాని వాచిన కీలు కోశాడు. లోపల గడ్డ పెరుగు లాంటి పసుపు చీము. తర్వాత తొడ ఎముకను తుంటి దగ్గర రెండు వేళ్లతో పట్టుకున్నాడు. బలం పెట్టనే లేదు, ఎముక తల పుటుక్కున ఊడి వచ్చింది. లోపలంతా కుళ్లిన చెక్క లాగా పొడి పొడి.

"గిది కండ్లకు కనపడని పురుగు చేసే పని" అన్నాడు. "తోలు మీద ఎక్కడన్న గాయం అయితే గా సందుల నుంచి లోపలికి పోతది. నెత్తురుల కలిసి కీళ్లల్ల, ఎముకలల్ల కూసుంటది." అంటూ పెట్ట పాదాన్ని తిప్పి చూశాడు. కత్తిరించిన వేలి కొస నల్లబడి ఉంది. "గిదేంది?"

"గుర్తు సారు" అంది రామవ్వ. "పాలు కోళ్లకు పెడుతం."

"ఎప్పుడు కోసిండ్రు?"

"మిర్గం వానలకు ముంగట."

ఆయన ఆ వేలిని దగ్గరగా పట్టుకుని చూశాడు. "బురద దినాలు, పచ్చి గాయం. దర్వాజ తెరిచిపెట్టినట్టే గదా" అన్నాడు. రామవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ వేలు కోసింది ఆమే.

"ఊకో రామవ్వా. అందరం కోసినం" అన్నాను. తర్వాత డాక్టరు వైపు తిరిగాను. "సారూ, అన్ని కోళ్ల వేళ్లూ కోసినం. అన్నీ గదే బురదల తిరిగినయి. మరి ఎర్రదాని పిల్లలు ఎందుకు పడలే?"

"ఏ ఎర్రది?"

చూపించాను. పుంజు గోడ మీద నిలబడి ఉంది. సీమ పుంజు పక్కన పెడితే చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. బక్కగా, పొడుగు కాళ్లతో, చిన్న జుట్టుతో ఉంటుంది. డాక్టరు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. "గట్ల అనిపిస్తదమ్మా. లెక్క చూస్తేనే తెలుస్తది. ఏ పిల్ల ఏ పుంజుదో మీకెట్ల ఎర్క?"

ఈ మాట ఆయన నన్ను అడిగాడు. మా అత్తకు కోపం వచ్చింది. "ఎర్క లేకేంది? నా మనుమరాలు ఎవ్వల బిడ్డనో ఎర్కలేదా నాకు?" అంటూ కొంగు బిగించి కూర్చుంది.

నేను చింతగింజలు, మక్క గింజలు చేటలో తెచ్చాను. నడిచే కోడికి మక్కగింజ, కూర్చున్న కోడికి చింతగింజ. మా అత్త మొదలుపెట్టింది. ఏ ఇంట్లో ఏ పెట్ట, అది ఎవరి గుడ్డు, ఏ కోడి కింద లేచింది, ఏ వేలు కోశారు, అప్పుడు ఎవరింట్లో సీమ పుంజు వంతు నడుస్తోంది, అన్నీ చెప్పుకుంటూ పోయింది. ఎక్కడా తడుముకోలేదు. రామవ్వ మధ్యలో రెండు మాటలు దిద్దింది, మా అత్త ఒకటి ఒప్పుకుని ఒకటి ఒప్పుకోలేదు. డాక్టరు నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టాడు. నేను పుంజుకొకటి చొప్పున మూడు కుప్పలు పెట్టాను.

సీమ పుంజు పిల్లలు ముప్పై ఎనిమిది. అందులో ఇరవై ఒకటి చింతగింజలు. మా చెన్నూరు పుంజువి పదహారు, తొమ్మిది చింతగింజలు. నా చేత్తో నేనే పెట్టుకున్నాను, ఏం చేస్తాం? ఎర్ర పుంజువి పంతొమ్మిది. ఒకే ఒక్క చింతగింజ.

"గా ఒక్కటి రోగం గాదు" అంది మా అత్త. "దాని కాలు మీదికెల్లి బండి పోయింది."

"పడ్డది పడ్డట్టే రాయాలె భూమవ్వా" అని డాక్టరు ఆ చింతగింజను అలాగే ఉంచాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. చాలాసేపు ఆ మూడు కుప్పలను చూస్తూ కూర్చున్నాడు. ఆయన తెచ్చిన పుంజు కుప్పలోనే నల్ల గింజలు అన్నిటికంటే ఎక్కువ.

"పురుగు అన్ని ఇండ్లకూ వచ్చింది" అన్నాడు మెల్లగా. "గాయం అన్నిటికీ అయింది. గీ పుంజు నెత్తురుల ఏదో ఉంది. పిల్లలకు గదే ఇచ్చింది. తట్టుకున్నయి. గదేంటిదో నాకు తెల్వదు. నేను చదువుకున్న పుస్తకంల లేదు." నోటుబుక్కు మూశాడు. "దీని పుంజు పిల్లలు ఎన్ని ఉన్నయి?"

రామవ్వా నేనూ ముఖాలు చూసుకున్నాం. "మగపిల్లలను ఎవ్వలు సాదుతరు సారూ? ఎండకాలం పెండ్లిండ్లకు కోసినం."

"ఒక్కటి గూడ లేదా?"

"లేదు సారు. అన్నీ పెట్టలే."

"పెట్టలు గుడ్లకు ఎప్పుడు వస్తయి?"

"ఈకలు రాలుస్తున్నయి గదా, ఇప్పుడు గుడ్లు పెట్టవు. దసరా దాటాలె."

"అయితే ఇగ గీ పుంజే మిగిలింది. దసరా దాకా దీన్ని పైలంగ చూసుకోండ్రి. ఊరందరి పెట్టలకూ గిదే కావాలె. మొత్తం మీ చేతుల్ల ఉంది."

"గది మిగలలే సారు" అంది మా అత్త లేస్తూ. "గది అమ్మది. శ్రావణంల చెల్లిస్తున్నం. ఇరవై దినాలు ఉంది."

డాక్టరు బతిమాలాడు. ఇంకో కోడిని తెచ్చిస్తానన్నాడు, రెండు తెచ్చిస్తానన్నాడు, పొట్టేలు కావాలన్నా ఇస్తానన్నాడు. "మొక్కిన కోడి మొక్కిన కోడే. బదులు పెడుతరా?" అని మా అత్త చేట ఎత్తుకుని లోపలికి పోయింది. డాక్టరు సైకిలు ఎక్కుతూ నాతో, "నువ్వు చెప్పి చూడమ్మా" అన్నాడు.

చెప్పి చూశాను. మూడు రోజులు ఆగి, ఆమె వడ్లు దంచి, రోకలి ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా కూర్చున్నప్పుడు, మంచి సమయం చూసే మొదలుపెట్టాను.

"అత్తా, ఒక ఏడు ఆగినం గదా. దసరా దాకా జర ఆగితే ఏమైతది? అమ్మ కోపం చేసుకుంటదా?"

"ఏడు ఆగింది మైల వచ్చి. మైల నేను తెచ్చిన్నా? ఇప్పుడు ఆగితే గది నా మాట తప్పినట్టు."

"రామవ్వ మొకం చూడు. ఆమెకు ఇంకేముంది? మనం ఒక్క కోడిని ఉంచితే వాడకట్టంత కోళ్లు నిలుస్తయి."

మా అత్త రోకలి పక్కన పెట్టింది. నా కళ్లలోకి చూసింది. "తొమ్మిదో దినం నీ బిడ్డ కండ్లు తెరవలే. నువ్వు గోడకు ఒరిగినవు. నేను మొక్కిన. ఇప్పుడు నీకు బిడ్డకన్న కోడి ఎక్కువైందా?"

నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. ఆ మాట అన్నందుకు కాదు నాకు బాధ. ఆ మాటలో ఎంతో కొంత నిజం ఉందేమోనని భయం వేసింది. ఆ మూడు రోజులుగా కుప్పలూ గింజలే నా కళ్లముందు ఆడుతున్నాయి. పిల్ల సంగతి నాకు గుర్తు రానేలేదు.

తర్వాత ఇద్దరం ఆ ఊసెత్తలేదు. వేళ్లు కోయడం మాత్రం మానేశాం. దానికి మా అత్తే ముందు నిలిచింది. పాత చీరలు చింపి, మాకు నీలం, రామవ్వకు ఎరుపు, ఇంకొకరికి పచ్చ అని గుడ్డపీలికలు పంచిపెట్టింది. "కాలికి కట్టుండ్రి, గట్టిగ బిగియ్యకుండ్రి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కూర్చున్న కోళ్లను పడేయనివ్వలేదు. రామవ్వ పెట్టలకు తనే పొడి గడ్డి పరిచి, గిన్నెలు దగ్గరికి జరిపి వచ్చేది. వచ్చాక వాకిట్లో కూర్చుని, గోడ మీది పుంజును చూస్తుండేది. చేతులు జోడించడం కూడా మరిచిపోయేది.

మొక్కు ఆదివారం పెట్టుకున్నాం, మా ఆయన ఇంట్లో ఉండే రోజని. ముందటి గురువారం శంకరికి ఒళ్లు వెచ్చబడింది.

వానలో తడిసిన జ్వరం, అంతే. అప్పుడు మాత్రం నేను అలా అనుకోలేదు. పిల్ల నుదురు ముట్టుకోగానే నాకు తొమ్మిదో రోజు గుర్తొచ్చింది. చింతగింజలూ, మక్కగింజలూ, నెత్తుటిలోని గుణమూ అన్నీ గాలికి పోయాయి. దీపాలు పెట్టే వేళ పొయ్యి దగ్గరికి పోయి అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, కోద్దాం. ఆదివారం కోద్దాం. నాకు ఏ కోళ్లూ వద్దు. నేను తప్పు మాట్లాడిన."

ఆమె నా వైపు తిరగలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "పిల్లకు మిరియాల చారు పోసినవా?" అంది. పోశానన్నాను. "మరి ఫికర్ చెయ్యకు" అంది. ఎందుకు ఫికర్ చేయకూడదో, పిల్ల గురించి అన్నదో కోడి గురించి అన్నదో, నేను అడగలేదు. శనివారానికి జ్వరం తగ్గింది. ఆదివారం పొద్దున శంకరి బోనం కుండ మీద సున్నం బొట్లు పెడతానని పేచీ పెట్టింది.

పోచమ్మ గుడి అంటే ఊరి చివర వేపచెట్టు కింద నాలుగు రాళ్ల గూడు. అత్త బోనం ఎత్తుకుంది, మా ఆయన పుంజును చంకలో పెట్టుకున్నాడు, నేను శంకరిని ఎత్తుకున్నాను. రామవ్వ కూడా వచ్చింది. ఆమె రాకపోయినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. గుడి చూసుకునే కుమ్మరి హనుమండ్లు అప్పటికే కత్తి కడిగి పెట్టుకున్నాడు.

కోసే ముందు కోడి మీద నీళ్లు పోస్తారు. మా వైపు జడత అంటారు. నీళ్లు పడగానే కోడి ఒళ్లంతా విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. మూడుసార్లు పోసినా విదిలించకపోతే అమ్మకు ఇష్టం లేనట్టు, ఆ రోజుకు కోయరు. మా ఊళ్లో మొక్కు ఎవరు మొక్కితే నీళ్లు వాళ్లే పోయాలి. మా అత్త ఈ పని నలభై ఏళ్లుగా చేస్తోంది. మెడ ఈకలు పైకెత్తి, అక్కణ్నుంచి వెన్ను మీదుగా తోక దాకా చెంబు వంచుతుంది. ఆమె చేతిలో కోడి విదిలించకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

పుంజును అమ్మ ముందు నిలబెట్టారు. అది మెడ ఎత్తి హనుమండ్లును ఎగాదిగా చూసింది. మా అత్త కొంగు భుజం మీదుగా తీసి, ముందుకు వంగింది. ఆమె వీపు అందరికీ అడ్డం వచ్చింది. నేను పక్కనే ఉన్నాను గనక నాకు కనిపించింది.

నీళ్లు పుంజు కాళ్ల మీద పడ్డాయి.

అది ఒక కాలు ఎత్తి, నీళ్లను చూసి, మళ్లీ కింద పెట్టింది. ఒక్క ఈక కూడా కదలలేదు.

"మళ్లా పొయ్యి" అన్నాడు హనుమండ్లు.

రెండోసారి పోసింది. చెంబు మెడ దాకా వెళ్లింది, అక్కడ ఆగింది, కిందికి దిగింది. మళ్లీ కాళ్ల మీదే. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, చంకలో ఉన్న శంకరి నా రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసింది.

మూడోసారి కూడా అంతే.

హనుమండ్లు తడిసిన నేలను చూశాడు. పొడిగా ఉన్న పుంజు వెన్నును చూశాడు. తర్వాత మా అత్త ముఖంలోకి చూశాడు. ఆయన ఇంట్లోనూ ఆరు కోళ్లు కూర్చున్నాయని నాకు తెలుసు. కత్తిని తుండుగుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

"అమ్మకు ఇప్పుడు వద్దట భూమవ్వా. తోలుకపోండ్రి" అన్నాడు.

మా ఆయనకేమీ అర్థం కాలేదు. "గట్లెట్ల అవ్వా? ఎప్పుడూ విదిలిస్తది గదా?" అంటున్నాడు. "అమ్మ వద్దంటే నేనేం చెయ్యాలెరా?" అని మా అత్త బోనం దించి నైవేద్యం పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. లేచి దండం పెట్టుకుంటూ చాలాసేపు నిలబడింది. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి వినబడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయనా రామవ్వా ముందు నడిచారు. పుంజు ఇప్పుడు రామవ్వ చంకలో ఉంది. ఎవరిమ్మన్నారో తెలియదు, ఆమే తీసుకుంది. నేను అడుగు తగ్గించి అత్త పక్కకు వచ్చాను.

"అత్తా, నువ్వు వెన్ను మీద పోయలే."

"నీళ్లు ఏడ పోయాల్నో నాకు నువ్వు నేర్పుతవా?"

పది అడుగులు నడిచాక ఆమే అంది, "ఏటేటా మంచి కాళ్లున్న పుంజును చూసి చూసి అమ్మకిచ్చినం. మిగిలినయి మనం ఉంచుకున్నం. నలభై ఏండ్లు గిదే చేసిన. ఇగ కోళ్లకు కాళ్లు ఏడికెల్లి వస్తయి? పిల్లల తల్లి గదా ఆమె. నా కంటే ముందు ఆమెకే ఎర్కయి ఉంటది."

"మరి అమ్మకు కోపం వస్తే?"

"గదే చెప్పి వచ్చిన. కోపమొస్తే నా మీద చూపు, పిల్ల జోలికి పోవద్దు అన్న." శంకరి నా భుజం మీద నిద్రపోయింది. జారుతున్న దాని కాలును అత్త పట్టుకుని సర్దింది. "నా మీదనైతే ఏముంది? అరవై ఏండ్లు బతికిన."

నాకు ఏడుపు ఆగలేదు. నడిరోడ్డు మీద, పిల్లను ఎత్తుకుని, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. "చాలు, మస్తు జనం చూస్తున్నరు" అని ఆమె ముందుకు పోయింది. రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు.

ముందే చెబుతున్నాను, శంకరికేమీ కాలేదు. ఇప్పుడు దానికి మనవలు. మా అత్త కూడా ఇంకో పద్దెనిమిదేళ్లు నన్ను సాధించింది. కానీ ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు కదా. మరునాడు పొద్దున నేను కళ్లు తెరిచేసరికి అత్త శంకరి పక్కన కూర్చుని ఉంది. పిల్ల నుదుటి మీద చెయ్యి, ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత, "సల్లగనే ఉంది" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. లేచి పెరట్లోకి పోయి గంప ఎత్తింది. ఎర్ర పుంజు బయటికి వచ్చి రెక్కలు కొట్టి కూసింది.

వాకిట్లో అప్పటికే రామవ్వ నిలబడి ఉంది. ఆమె వెనక హనుమండ్లు భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. ఒక్కొక్కరి చేతిలో పిడికెడు నూకలు.

"భూమక్కా, పుంజుకు తెచ్చినం" అంది రామవ్వ. "దసరా దాటినంక నా పెట్టలే ముందు. ఇప్పుడే చెప్తున్న."